గట్టు పని గటర్ దగ్గర మొదలవుతుంది

మినెసొటాలో లేక్ ఒడ్డున ఇల్లు కొన్నవాళ్ళలో చాలామంది మొదట చేసే పని, గట్టు కోసుకుపోతోందని రాళ్ళ కాంట్రాక్టర్‌కి ఫోన్ చేయడం. అతను వచ్చి ఒడ్డు పొడవు కొలిచి, లారీల లెక్కన ధర చెప్తాడు. రాళ్ళు పడతాయి, డబ్బు ఖర్చవుతుంది, కొన్నేళ్ళకి రాళ్ళ వెనక మట్టి కుంగి గుంటలు కనిపిస్తాయి. ఎందుకంటే గట్టుని తినేది ముందు నుంచి కొట్టే అల ఒక్కటే కాదు. ఇంటి కప్పు మీద పడి, పచ్చిక మీదుగా జారి, వెనక నుంచి వచ్చే వాన నీరు కూడా దాన్ని కోస్తుంది. పైగా ఆ నీరు ఎరువుని, మట్టిని, కుక్క పెంటని మోసుకెళ్ళి సరస్సులో కలుపుతుంది. ఆగస్టులో నీళ్ళ మీద తేలే పచ్చటి పాచికి మేత అదే.

అందుకని మేం పని పై నుంచి కిందికి చేసుకొచ్చాం. ముందు కప్పు నీళ్ళు, తర్వాత పచ్చిక, ఆఖరున నీటి అంచు. మా జాగా 100 అడుగుల వెడల్పు, ఇంటి నుంచి నీళ్ళ దాకా మోస్తరు వాలు, పైనుంచి కింది దాకా కెంటకీ బ్లూగ్రాస్ పచ్చిక. కింద ఇచ్చిన లెక్కలన్నీ ఈ కొలతలకే. మీ జాగా కొలతలతో మీరు మళ్ళీ వేసుకోండి.

కాగితాల పని

పార పట్టుకునే ముందు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ రాష్ట్రంలో సరస్సు నుంచి 1000 అడుగుల లోపు భూమి అంతా షోర్‌ల్యాండ్ నిబంధనల కిందికి వస్తుంది. సరస్సులు మూడు తరగతులు: నేచురల్ ఎన్విరాన్‌మెంట్, రిక్రియేషనల్ డెవలప్‌మెంట్, జనరల్ డెవలప్‌మెంట్. సీవర్ లైన్ ఉన్నచోట ఇల్లు నీటికి ఎంత దూరంలో ఉండాలన్నది ఇదే వరసలో 150, 75, 50 అడుగులు. ఆ దూరంలో నీటి వైపు సగాన్ని షోర్ ఇంపాక్ట్ జోన్ అంటారు. మాది రిక్రియేషనల్ తరగతి కాబట్టి ఆ పట్టీ 37న్నర అడుగులు. అందులో చెట్టూ చేమా ఊడ్చిపెట్టినట్టు నరకకూడదు. అక్కడ 10 క్యూబిక్ యార్డులకి మించి మట్టి కదిలిస్తే పర్మిట్ కావాలి. నీళ్ళ దగ్గరికి దిగే మెట్లు 4 అడుగుల వెడల్పు దాటకూడదు. జాగాలో కప్పు, కాంక్రీటు, తారు అన్నీ కలిపి 25 శాతం లోపు ఉండాలి. ఇవి రాష్ట్రం పెట్టిన కనీసపు షరతులు. సిటీ, కౌంటీ ఇంకా గట్టివి పెట్టుకోవచ్చు, చాలాచోట్ల పెట్టుకున్నాయి కూడా.

ఈ దూరాలు ఈరోజు నీళ్ళు ఎక్కడున్నాయో అక్కడి నుంచి కొలవరు. ఆర్డినరీ హై వాటర్ లెవెల్ అని ఒక గుర్తు ఉంటుంది. నీళ్ళు చాలాకాలం నిలిచి నేల మీద ఆనవాలు వదిలిన ఎత్తు అది, మామూలుగా నీటి మొక్కలు ఆగి మెట్ట మొక్కలు మొదలయ్యే చోటు. నీళ్ళు తగ్గిన ఏడాదిలో మీ పచ్చిక ఆ గుర్తుకి దిగువన కూడా ఉండొచ్చు. ఆ గుర్తుకి దిగువన చేసే ఏ పనికైనా రాష్ట్ర సహజ వనరుల శాఖ (డీఎన్‌ఆర్) ఏరియా హైడ్రాలజిస్ట్‌ని ముందే అడగాలి. నీళ్ళలో మొక్కలు పీకడానికే కాదు, నాటడానికి కూడా అనుమతి కావాలి.

వీళ్ళకంటే ముందు ఫోన్ చేయవలసింది కౌంటీలోని సాయిల్ అండ్ వాటర్ కన్సర్వేషన్ డిస్ట్రిక్ట్‌కి. మనిషి వచ్చి జాగా చూసి సలహా ఇస్తారు. చాలాచోట్ల వాళ్ళ దగ్గరో, వాటర్‌షెడ్ డిస్ట్రిక్ట్ దగ్గరో ఖర్చులో కొంత భాగం ఇచ్చే పథకం ఉంటుంది. మంజూరు రాకముందే పని మొదలుపెడితే మాత్రం ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాలి. తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు లైన్లకి ఉచితంగా రంగు గుర్తులు వేసి వెళ్తారు.

కప్పు నీళ్ళు ఎటు పోతున్నాయి?

దీనికి కంప్యూటర్‌లో మ్యాప్ కంటే గొడుగు మేలు. జోరు వానలో జాగా అంతా తిరిగితే పది నిమిషాల్లో విషయం బయటపడుతుంది. కప్పు అంచు గటర్ నుంచి నీళ్ళని దింపే గొట్టం, అంటే డౌన్‌స్పౌట్ కింద మట్టి విసనకర్రలా పరుచుకుని ఉంటుంది. గడ్డి ఒకే దిక్కుకి పడుకుని ఉంటుంది. మెట్ల పక్కన వేలెడు లోతు చాళ్ళు కనిపిస్తాయి. గట్టు తెగిన చోటుకి సరిగ్గా పైన చూస్తే ఆ చాలో, డౌన్‌స్పౌటో ఉంటుంది.

లెక్క తేలిక. సరస్సు వైపు వాలిన కప్పు 900 చదరపు అడుగులు అనుకుందాం. అంగుళం వాన పడితే 900ని 12తో భాగించాలి: 75 ఘనపుటడుగులు, అంటే దాదాపు 560 గ్యాలన్లు. ఆ నీటిని 6 అంగుళాల లోతు గుంటలో పట్టాలంటే గుంట 150 చదరపు అడుగులు ఉండాలి. ఇదే రెయిన్ గార్డెన్. మన ఊళ్ళలో ఇంకుడు గుంతల పని తెలిసినవాళ్ళకి సూత్రం కొత్తదేం కాదు. అక్కడ లోతుగా తవ్వి రాళ్ళు నింపుతాం, ఇక్కడ వెడల్పుగా, పల్చగా తవ్వి మొక్కలు పెడతాం.

ఎక్కడ తవ్వాలన్నది నేలే చెప్తుంది. అడుగు లోతు గుంట తీసి నీళ్ళు నింపండి. ఇంకిపోయాక మళ్ళీ నింపి ఈసారి కొలవండి. గంటకి అర అంగుళం దిగితే 6 అంగుళాలు పన్నెండు గంటల్లో ఇంకిపోతాయి, బేషైన నేల. రెండు రోజులైనా నీళ్ళు నిలబడితే అది జిగట నేల. అక్కడ లోతు 3 అంగుళాలకి తగ్గించి వైశాల్యం రెట్టింపు చేయాలి, లేదా ఇంకో చోటు చూసుకోవాలి. ఇంటి పునాదికి కనీసం 10 అడుగుల దూరం ఉండాలి. లేకపోతే బేస్‌మెంట్‌లోకి చెమ్మ దిగుతుంది. సెప్టిక్ డ్రెయిన్‌ఫీల్డ్ మీద గానీ, దానికి ఎగువన గానీ వద్దు. నీళ్ళు ఈశాన్యంలోనే ఉండాలని పట్టుబట్టే పెద్దలు ఇంట్లో ఉంటే, వాలు ఎటుందో ఒకసారి వాళ్ళకి చూపించండి. వాలుకి ఎదురుగా నీళ్ళు పారవు.

తవ్వేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, అడుగు భాగం సమంగా ఉండాలి. తాడు కట్టి లెవెల్ పెట్టి చూడాల్సిందే, కంటికి సమంగా కనిపిస్తే చాలదు. ఒక మూల రెండు అంగుళాలు పల్లంగా ఉంటే నీళ్ళన్నీ అక్కడికే చేరి ఆ మొక్కలు కుళ్ళుతాయి, మిగతావి ఎండుతాయి. రెండు, అడుగు భాగాన్ని తొక్కకూడదు. పలకపార వెనక్కి నడుస్తూ వేయాలి, చివర ఫోర్క్‌తో గుల్ల చేయాలి. తీసిన మట్టిని పల్లం వైపు కట్టలా పోసి కాలితో గట్టిగా అదమాలి. కట్టకి ఒకచోట అంగుళంన్నర తగ్గించి, అక్కడ పిడికిలంత రాళ్ళు పరిచి పొర్లుదారి ఇవ్వాలి. అది మెట్ల వైపు గానీ, బాట వైపు గానీ ఉండకూడదు. పొర్లిన నీళ్ళు పచ్చిక మీద పల్చగా పరుచుకుని కింద నీటి అంచున వేసే మొక్కల పట్టీలోకి, అంటే బఫర్‌లోకి దిగాలి.

ఇంకో మాట. తోట అనగానే కంపోస్టు బస్తాలు గుమ్మరించే అలవాటు మనకి ఉంది. సరస్సు దగ్గర అది తగ్గించుకోవాలి. కంపోస్టులోనే నాచుని పెంచే ఫాస్ఫరస్ ఉంటుంది, వాన నీటితో అదీ కారుతుంది. మరీ పేలవమైన నేల అయితే అంగుళం పొర కలిపితే చాలు. ఇక్కడి దేశవాళీ మొక్కలకి బలమైన నేల అక్కర్లేదు, ఆ బలం ముందు కలుపుకే అందుతుంది.

పచ్చిక, ఎరువు

ఒక పౌను ఫాస్ఫరస్ సరస్సులో చేరితే 500 పౌన్ల దాకా నాచు పెరగగలదని ఇక్కడి నీటి శాఖలు చెప్పే లెక్క. అందుకే మినెసొటాలో 2005 నుంచి రాష్ట్రమంతటా పచ్చికకి ఫాస్ఫరస్ ఉన్న ఎరువు వేయడం చట్టవిరుద్ధం. మట్టి పరీక్షలో లోటు తేలితేనో, కొత్తగా వేసిన పచ్చికకి మొదటి సీజన్‌లోనో మినహాయింపు ఉంది. బస్తా మీద మూడు అంకెల్లో మధ్యది సున్నా ఉండాలి. యూనివర్సిటీ ఆఫ్ మినెసొటా ల్యాబ్‌కి మట్టి పంపిస్తే ఏం కావాలో చెప్తారు. పాత పచ్చికలకి చాలాసార్లు ఫాస్ఫరస్ అవసరమే ఉండదు.

కోసిన గడ్డి, రాలిన ఆకులు కూడా ఎరువే. డ్రైవ్‌వే మీద పడ్డ గడ్డిని బ్లోయర్‌తో పచ్చికలోకి నెట్టాలి, వీధి కాలవలోకి కాదు. ఆకుల్ని ఒడ్డున పోసి తగలబెట్టడం పాత అలవాటు. ఆ బూడిద మొదటి వానకే నీళ్ళలో ఉంటుంది.

బఫర్: ఎంత, ఏమిటి?

బ్లూగ్రాస్ వేర్లు పైనున్న కొద్ది అంగుళాల్లోనే ఉంటాయి. గట్టుని అవి పట్టి ఉంచలేవు. అలకి కింది మట్టి కరిగి, పైన గడ్డి చాప అంచులా వేలాడుతుంది, ఒకరోజు ముక్కగా విరిగి పడుతుంది. ఇక్కడి ప్రెయిరీ గడ్డి, తుంగ జాతుల వేర్లు అడుగుల కొద్దీ లోతుకి పోతాయి.

100 అడుగుల ఒడ్డులో పడవ కట్టే డాక్‌కీ, పిల్లలు దిగడానికీ 25 అడుగులు వదిలి, మిగతా 75 అడుగుల పొడవునా 20 అడుగుల వెడల్పు బఫర్ వేశాం. మొత్తం 1500 చదరపు అడుగులు. అంతా ప్లగ్ నారుతో (చిన్న మట్టి గడ్డతో అమ్మే మొక్కలు) నింపాలంటే ఖర్చు చేతికి అందదు, అందుకని మూడు పట్టీలు చేశాం.

నీటి అంచున 3 అడుగుల పట్టీ, 225 చదరపు అడుగులు. ఇక్కడ అడుగుకొక ప్లగ్: లేక్ సెడ్జ్, టసక్ సెడ్జ్, బ్లూ ఫ్లాగ్ ఐరిస్, స్వాంప్ మిల్క్‌వీడ్, బోన్‌సెట్. సెడ్జ్ అంటే మన తుంగ బంధువే, మిల్క్‌వీడ్ మన జిల్లేడు కుటుంబమే. సీతాకోకచిలుకలు దాని మీద గుడ్లు పెడతాయని ఇక్కడివాళ్ళకి ముద్దు, కానీ మనకి ముఖ్యం దాని వేరు. ఐరిస్ కొనేటప్పుడు పువ్వు రంగు అడగండి. పసుపు పువ్వు ఐరిస్ బయటి జాతి, ఇక్కడ ఆక్రమణ మొక్కల జాబితాలో ఉంది.

దాని పైన 7 అడుగుల పట్టీ, 525 చదరపు అడుగులు. ఇక్కడ అడుగున్నరకి ఒకటి, అంటే 235 దాకా: ప్రెయిరీ కార్డ్‌గ్రాస్, బ్లూ వర్వెయిన్, జో పై వీడ్, మధ్యమధ్య రెడ్ ఒజియర్ డాగ్‌వుడ్, మెడోస్వీట్ పొదలు. చచ్చేవాటికి పది శాతం కలుపుకుంటే రెండు పట్టీలకీ 500 ప్లగ్‌లు. ఒక్కోటి రెండు నుంచి నాలుగు డాలర్లు. ఈ లెక్క విని గుండె జారినవాళ్ళు పని రెండేళ్ళకి పంచుకోండి, కానీ అంచు పట్టీని వాయిదా వేయకండి.

పైన మిగిలిన 10 అడుగులు, 750 చదరపు అడుగులు, విత్తనంతో. పొట్టి మెట్ట మిశ్రమం ఎకరానికి 12 పౌన్ల చొప్పున వేసుకుంటే ఈ కాస్త జాగాకి మూడు నాలుగు ఔన్సులు చాలు. లిటిల్ బ్లూస్టెమ్, సైడ్ ఓట్స్ గ్రామా, పర్పుల్ ప్రెయిరీ క్లోవర్, బ్లాక్ ఐడ్ సూసన్. చూపుకి అడ్డమని ఇంట్లో గొడవ వచ్చేది ఇక్కడే. కిటికీల ఎదుట మూడడుగులు దాటనివి, ఎత్తు పెరిగే జో పై వీడ్‌నీ, పొదల్నీ రెండు పక్కలకీ పెడితే గొడవ ఉండదు.

పాత గడ్డి చంపడం

మే చివర నల్ల టార్పాలిన్ కప్పి ఆగస్టు మూడో వారంలో తీశాం. ఎండ పూర్తిగా తగిలేచోట ఎనిమిది వారాలు చాలు, నీడలో ఎక్కువ పడుతుంది. లేక్ గాలికి టార్ప్ లేచిపోకుండా నాలుగడుగులకొక ఇసుక మూట పెట్టాలి. దీంతో ఒక చిక్కు ఉంది. టార్ప్ మీద పడ్డ వానంతా ఇంకకుండా ఒక్కసారిగా కిందికి దూకుతుంది. అందుకని నీటి అంచున మూడడుగుల గడ్డిని కప్పకుండా వదిలేయాలి. నాటే రోజున మాత్రమే దాన్ని పారతో పెళ్ళలుగా లేపాలి. టార్ప్ కింది అంచు వెంబడి గడ్డి నింపిన గొట్టపు మూటలు పరిస్తే నీటి వేగం విరుగుతుంది.

చచ్చిన గడ్డిని తీసేయకండి, దున్నకండి. దాని వేర్ల చాప ఇంకో ఏడాది మట్టిని పట్టి ఉంచుతుంది. దున్నితే వాలు మీద మట్టి గుల్లవుతుంది, అడుగున నిద్రపోతున్న కలుపు విత్తనం వెలుగు చూస్తుంది. గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొడదామనుకుంటే నీటి దగ్గర వాడటానికి లేబుల్ ఉన్న రకమే వాడాలి. నీళ్ళలోని మొక్కల మీద ఏ మందు కొట్టాలన్నా పర్మిట్ తప్పదు.

కొబ్బరి దుంగ

గట్టు అడుగున నిలువుగా తెగిన చోట మొక్కలు ఒక్కటే నిలవవు. వేరు పట్టేదాకా అల తగలకుండా అడ్డం కావాలి. ఆ అడ్డం కాయిర్ లాగ్, అంటే కొబ్బరి పీచుని వల సంచిలో దట్టంగా కూరి చేసిన దుంగ. ఇవి ఎక్కువగా ఇండియా, శ్రీలంకల నుంచే వస్తాయి. కోనసీమలో రోడ్డు పక్కన కొబ్బరి డొక్కల గుట్టలు చూసి పెరిగినవాళ్ళు ఇక్కడ దాని ధర చూస్తే నవ్వుకుంటారు.

12 అంగుళాల లావు, 10 అడుగుల పొడవున్నవి తీసుకున్నాం. సాంద్రత ఘనపుటడుగుకి 7 పౌన్లు, 9 పౌన్లు అని రెండు రకాలు దొరుకుతాయి. అలలున్నచోట 9 తీసుకోండి. అది పొడిగా ఉన్నప్పుడే 70 పౌన్లు తూగుతుంది, తడిశాక ఇద్దరు మనుషులు కూడా లేపలేరు. కాబట్టి ముందు చోటు సిద్ధం చేసుకుని, ఆ తర్వాతే నీళ్ళలో దించాలి.

వేసవి చివర నీళ్ళు తగ్గుతాయి, పనికి అదే అదను. గట్టు పాదం వెంబడి మూడంగుళాల లోతు చాలు తీసి దుంగని అందులో కూర్చోబెట్టాలి. మామూలు నీటి మట్టానికి దుంగ లావులో కింది మూడోవంతు మునిగి ఉంటే సరి. పూర్తిగా మునిగితే అల పైనుంచి దాటి వెనక మట్టిని లాగుతుంది, మరీ పైనుంటే అడుగు నుంచి తవ్వుతుంది. రెండంగుళాల చదరం, 36 అంగుళాల పొడవున్న చెక్క మేకుల్ని రెండు వైపులా రెండడుగులకొకటి చొప్పున దిగగొట్టాలి. మేకుని దుంగ మధ్యలోంచి కొట్టకూడదు, వల తెగి పీచు జారుతుంది. దుంగకి ఆనించి ఇటూ అటూ కొట్టి, మేకు తలలకి గాటు పెట్టి, కొబ్బరి తాడుతో అడ్డంగా ముడివేసి, ఆఖరున ఇంకో రెండు దెబ్బలు వేస్తే తాడు బిగుస్తుంది. ఒక దుంగ కొస రెండో దుంగ కొసకి గట్టిగా ఆని ఉండాలి, సందు లేకుండా తాడుతో కుట్టాలి.

విఫలమైన పనులు చూస్తే చాలావరకు వరస చివరల దగ్గరే పోయాయి. చివరి దుంగని ఒడ్డు వెంబడి తిన్నగా వదిలేస్తే అల దాని వెనక్కి దూరి, నెలల్లో మొత్తం వరసని గట్టు నుంచి విడదీస్తుంది. రెండు చివర్లనీ కనీసం మూడడుగులు గట్టులోకి వంచి, తవ్వి పూడ్చాలి. దుంగ వెనక ఖాళీలో మట్టి వేసి పొరలు పొరలుగా అదమాలి. దాని మీద కొబ్బరి పీచు దుప్పటి పరిచి, పై అంచుని ఆరంగుళాల చాల్లో పాతాలి. దుప్పటి కొనేటప్పుడు వల దేనితో చేశారో చూడండి. ప్లాస్టిక్ వల చవక, కానీ పాములు, తాబేళ్ళు అందులో చిక్కుకుని చస్తాయి, అది కుళ్ళదు కూడా. నారతో అల్లినదే కావాలని అడిగి తీసుకోండి.

దుంగ మూడు నుంచి ఐదేళ్ళలో కుళ్ళిపోతుంది. కుళ్ళాలి కూడా. ఆలోపు సెడ్జ్ వేర్లు దుంగలోంచి మట్టిలోకి దిగి గట్టుని తమ చేతిలోకి తీసుకోవాలి. అందుకని నాటకుండా దుంగ ఒక్కటే పెట్టి వదిలేస్తే వృథా ఖర్చు.

నాటు

ప్లగ్‌లు సెప్టెంబరు మధ్యకల్లా భూమిలో ఉండాలి. నేల గడ్డకట్టే లోపు వేరు పట్టకపోతే మంచు, కరుగు వంతులవారీగా వచ్చి ప్లగ్‌ని బిరడాలా పైకి నెట్టేస్తాయి. వసంతంలో అవి వేళ్ళతో సహా నేల మీద ఎండి పడి ఉంటాయి. ఆ గడువు దాటితే మరుసటి మే చివరకి వాయిదా వేయడం మేలు.

దుప్పటిని నిలువు అడ్డం గాటు పెట్టి, సన్న తాపీ లాంటి నాటు పారతో గుంట తీసి, ప్లగ్ మట్టం నేల మట్టానికి ఒక వేలు కిందికి ఉండేలా పెట్టి గట్టిగా నొక్కాలి. దుంగలో నాటాలంటే మొన తేలిన కర్రతో పీచుని విడదీసి దూర్చాలి. నీటి అంచు దగ్గర మల్చ్ వద్దు. చెక్క ముక్కలు తేలి మొదటి గాలివానకి పక్కింటి ఒడ్డుకి చేరతాయి.

వారానికి అంగుళం తడి కావాలి. ప్లగ్‌లున్న 750 చదరపు అడుగులకి అది దాదాపు 470 గ్యాలన్లు. చిన్న పంపుతో సరస్సు నీళ్ళే వాడుకోవచ్చు. రోజుకి 10,000 గ్యాలన్లు, ఏడాదికి పది లక్షల గ్యాలన్లు దాటనంతవరకు రాష్ట్ర పర్మిట్ అక్కర్లేదు.

పైన విత్తనం వేసే పట్టీలో టార్ప్ తీసిన వారమే ఓట్స్ చల్లాం. చలికి అవి చచ్చి నేల మీద పరుచుకుంటాయి. నవంబరులో, నేల చల్లబడ్డాక, ఇనుప పళ్ళ రేక్‌తో మట్టి కనిపించేదాకా గట్టిగా గీకి, తడి ఇసుకలో కలిపిన విత్తనాన్ని సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లి కాలితో తొక్కాం. ఈ జాతుల్లో చాలావాటికి తడి చలి తగిలితేనే మొలక వస్తుంది. ఆ పని శీతాకాలం ఉచితంగా చేసిపెడుతుంది.

బాతులు, కలుపు

కొత్త నారుకి మొదటి శత్రువు కెనడా గూస్ అనే పెద్ద బాతు. మంద ఒక్క పూటలో వరస మొత్తం పీకేస్తుంది, తినకపోయినా పీకుతుంది. ఆరడుగులకొక గుంజ పాతి, నేల నుంచి 6, 12, 18 అంగుళాల ఎత్తున మూడు వరసల పురికొస కట్టాలి. నీటి వైపు తప్పనిసరి, ఎందుకంటే అవి నడుచుకుంటూ ఎక్కేది అటు నుంచే. మొక్కలు మోకాలెత్తు పెరిగాక ఈ కంచె తీసేయొచ్చు. పొడవాటి గడ్డిలో నక్క దాగి ఉంటుందని వాటి భయం, అందులోకి దిగవు. మస్క్‌రాట్ అనే నీటి ఎలుక ఉన్నచోట మాత్రం కొసతో పని జరగదు, తీగ వల కావాలి.

కలుపులో రీడ్ కెనరీ గ్రాస్ అన్నిటికన్నా మొండిది. ఏప్రిల్‌లో మిగతావి ఇంకా గోధుమ రంగులో ఉండగానే అది పచ్చగా లేస్తుంది, గుర్తుపట్టడం అప్పుడే తేలిక. నేల తడిగా ఉన్నప్పుడు వేరు ముక్క మిగలకుండా తవ్వి తీయాలి, కుదరకపోతే జూన్‌లో విత్తనం రాకముందు కంకి కోసేయాలి. విత్తనం వేసిన పట్టీలో మొదటి ఏడాది చూడటానికి అంతా కలుపే ఉంటుంది. పీకకండి. అడుగు ఎత్తు రాగానే ఆరంగుళాలకి కోస్తూ ఉండండి. దేశవాళీ మొక్కలు ఆ ఏడాది పైకి కాదు, కిందికి పెరుగుతాయి. కోత వాటికి తగలదు, కలుపు విత్తనం కట్టదు. పక్కింటివాళ్ళు అడుగుతారు, సిటీ నుంచి ఉత్తరం కూడా రావచ్చు. బఫర్ అంచున రెండడుగులు నున్నగా కోసి, ఒక చిన్న బోర్డు పెడితే కావాలని చేసిన పనని చూసేవాళ్ళకి అర్థమవుతుంది. టిక్ పురుగుల భయానికి నడిచే బాటని కూడా అలాగే కోసి ఉంచాలి.

రాళ్ళు ఎప్పుడు?

రాళ్ళు ఎప్పుడూ వద్దని కాదు. గాలి మైలు పైన అడ్డంకి లేకుండా వచ్చే ఒడ్డున, పెద్ద బోట్ల అలలు రోజంతా తగిలే చోట, పాదం వరకు రాయి తప్పదు. 200 అడుగుల లోపు ఒడ్డుకి రాష్ట్రం నుంచి పర్మిట్ లేకుండా వేసుకోవడానికి షరతులు ఉన్నాయి: సహజమైన రాయే వాడాలి, సైజు 6 నుంచి 30 అంగుళాలు, వాలు అడ్డంగా మూడుకి నిలువున ఒకటి కంటే నిటారుగా ఉండకూడదు, హై వాటర్ గుర్తు నుంచి నీళ్ళలోకి 6 అడుగులు దాటకూడదు. రాళ్ళ కింద ఫిల్టర్ పొర లేకపోతే సందుల్లోంచి మట్టి జారి మళ్ళీ గుంటలే. పైన సందుల్లో విల్లో కొమ్మలు గుచ్చితే వేర్లు రాళ్ళని కట్టిపడేస్తాయి. నిలువు గోడ మాత్రం కట్టించకండి. అల గోడకి కొట్టుకుని తిరిగి వెళ్తూ పాదం దగ్గర నేలని తోడేస్తుంది, పక్కవాళ్ళ ఒడ్డునీ కోస్తుంది.

నీళ్ళలోని మొక్కల్ని వీలైనంత వదిలేయాలి. బుల్‌రష్ దుబ్బులు అలని ఒడ్డుకి రాకముందే విరుస్తాయి. వాటిని గానీ, జమ్ముని గానీ పీకాలంటే పర్మిట్ కావాలి. ఈత కోసం మునిగి ఉండే మొక్కల్ని చేత్తో తీయడానికి 2500 చదరపు అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు. అయితే ఒడ్డు వెంబడి 50 అడుగులు, లేదా మీ ఒడ్డులో సగం, ఏది తక్కువైతే అంతే. తీసిన గడ్డిని నీళ్ళలో వదలకుండా మెట్టకి చేర్చాలి.

మిగతావి క్లుప్తంగా. సెప్టిక్ ట్యాంకు ఉంటే మూడేళ్ళకొకసారి తనిఖీ చేయించి, నిండితే తోడించాలి. చలికాలంలో మంచు కరగడానికి చల్లే ఉప్పు 20 అడుగుల డ్రైవ్‌వేకి ఒక కాఫీ మగ్గు చాలు, 15 డిగ్రీల ఫారెన్‌హీట్ కింద మామూలు ఉప్పు పనే చేయదు. నీళ్ళలో చేరిన ఉప్పుని తీసే మార్గం లేదు. పాత డాక్ గానీ, బోట్ లిఫ్ట్ గానీ వేరే సరస్సు నుంచి కొని తెస్తే, జీబ్రా మసెల్స్ అనే ఆక్రమణ జాతి ఆల్చిప్పలు అంటుకుని రాకుండా 21 రోజులు ఎండబెట్టాకే దించాలని చట్టం.

ఏప్రిల్‌లో మంచు గడ్డ విడిచాక ఒడ్డంతా ఒకసారి చూసుకోవాలి. గడ్డ కదిలి ఒడ్డున మట్టిని కట్టలా నెట్టి ఉంటే, చిన్నదైతే అలాగే వదిలేయండి, పై నీటిని అది ఆపుతుంది. వదులైన మేకుల్ని దిగగొట్టి, తెగిన తాళ్ళు మార్చి, పైకి లేచిన ప్లగ్‌లని మళ్ళీ నొక్కాలి. ఎండిన కాడల్ని మే వచ్చేదాకా కోయకండి, వాటి బోలులో తేనెటీగ జాతులు ఉంటాయి. రెయిన్ గార్డెన్ పైపు నోటి దగ్గర చేరిన మట్టిని రెండు పారలు తీసేస్తే ఆ ఏడాదికి పై పని అయిపోయినట్టే.